వీసా అక్కర్లేని హిల్డా

అక్టోబర్ 14, మంగళవారం
బెంటన్‌విల్, అమెరికా

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చింది!

సాయంత్రం లాండ్రీ రూమ్‌లో పక్క అపార్ట్‌మెంట్ హిల్డా కనబడితే, మనవాళ్లలో ఎవరినైనా అడిగినట్టే, ఏ వీసా అని అడిగాను. వాళ్లది పసిఫిక్‌లో మార్షల్ దీవులు.

“మాకు వీసా అక్కర్లేదు. వచ్చి జాబ్ చేసుకోవచ్చు” అంది.

పాస్‌పోర్ట్‌లో హెచ్‌వన్ వీసా స్టాంపింగ్ బెంగతో చస్తున్నదాన్ని, “అబ్బ, మీరెంత లక్కీ!” అనేశాను.

ఆవిడ దుప్పటి మడతపెడుతూనే చెప్పింది. వాళ్ల పూర్వీకులు అలల తీరు చూసి దారి పట్టుకుంటూ పడవల్లో ఆ దీవులకు చేరారట. వేల ఏళ్లు బతికారు. తర్వాత ఎవరెవరో వచ్చి ఏలారు. చివరికి అమెరికా వచ్చి అక్కడ అణుబాంబులు పేల్చి చూసింది. ఆకాశం నుంచి తెల్లటి బూడిద రాలితే, అప్పటికి చిన్నపిల్ల అయిన వాళ్ల అమ్మమ్మ దాంతో ఆడుకుందట. ఒళ్లు కాలింది, జుట్టు ఊడిపోయింది, దీవి వదిలి పోవాల్సి వచ్చింది. సొంత దేశం ఏర్పడ్డాక అమెరికాతో చేసుకున్న ఒప్పందంలో వచ్చిందే ఈ వీసా లేని రాక.

“అమ్మమ్మ మళ్లీ తన దీవికి వెళ్లనే లేదు” అంది.

బాంబులా? ఈ దేశమేనా? పదమూడేళ్లుగా ఇక్కడున్నాను, నాకెలా తెలియలేదు?

“మరి మీ వీసా కోసం మీ దేశం ఏమిచ్చింది?” అని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

మాకు హెచ్‌వన్ వీసా లాటరీలో వస్తుందని చెప్పడానికి నోరు రాలేదు.