పదకొండో అతుకు

వల్‌నేరా, మార్చి 3

ప్రియమైన మెంజియా,

డిసెంబరులో పంపిన వాల్‌నట్ కేక్ ముట్టిందో లేదో ఒక్క ముక్కయినా రాయలేదు నువ్వు. సరేలే. నాకు నీతో పనిపడింది.

మే నెలాఖరు పోటీల నాటికి ఐదుగురు కొత్తవాళ్లు చేరకపోతే మన రైఫిల్ క్లబ్బును దిగువ ఊరి క్లబ్బులో కలిపేసి, మన మైదానం మూసేస్తారట. ఇల్లిల్లూ తిరిగాను. పోస్టు బస్సు నడిపే లెతీసియా, బడి టీచర్ ఆంద్రినా వచ్చారు. వచ్చిన మొదటిరోజే లెతీసియా లేచి, "అమ్మా తల్లీ, నేను గురి నేర్చుకుందామని వచ్చానా, పటాలంలో చేరానా? ఎందుకంతలా అరుస్తావ్?" అని మొహం మీదే అడిగేసింది. అరవకపోతే తుపాకి మూతి ఎటు తిప్పుతారోనని నా భయం నాది.

కొత్తవాళ్లను నవ్విస్తూ నేర్పడం మన లోయలో నీ ఒక్కదానికే వచ్చు. శనివారాలు రావే. గంటన్నర ప్రయాణమేగా!

నీ ఉర్సీనా

కూర్, మార్చి 14

ప్రియమైన ఉర్సీనా,

కేక్ ముట్టింది. బాగుంది. ఎప్పటిలాగే తేనె ఎక్కువైంది.

నేను రాను. లోయ పోటీల ఆఖరి గుండుకి సున్నా తెచ్చుకున్నదాన్ని, నేనెవరికి నేర్పాలి? బోర్డుకే తగల్లేదని, బోర్డుల కింది గుంటలో కూర్చుని మార్కులు చూపించేవాళ్లు ఎర్రజెండా ఊపారు, ఊరంతా చూసింది. "పాపం, మెంజియాకి చేతులు వణికాయి" అన్నారు. ఇరవై ఆరేళ్లయింది. ఆ వారమే రైఫిల్ అమ్మేశాను, క్లబ్బులో పేరు కొట్టేయించుకున్నాను, ఊరు కూడా వదిలేశాను. అవన్నీ నీకు తెలిసినవే.

సలహా మాత్రం ఉచితం. మొదటి రోజే తుపాకి ఇవ్వకు. ఆ గుంటలోకి తీసుకెళ్లి జిగురు గిన్నె, కాగితం ముక్కలు చేతికివ్వు. ఒక పూటంతా ఇతరులు కొట్టిన చిల్లులకు అతుకులు వేయనీ. తలమీంచి తూటా ఎలా పోతుందో విన్నవాళ్లకు జాగ్రత్త ఎవరూ అరిచి చెప్పక్కర్లేదు. పైగా, ఎవరేం కొట్టారో అతుకులు వేసినవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రెండోరోజు తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కించు. మార్కుల మాట ఎత్తకు. నువ్వు ముందు నోరు కట్టేసుకో.

నీ మెంజియా

వల్‌నేరా, మే 12

ప్రియమైన మెంజియా,

నీ జిగురు గిన్నె అద్భుతం చేసింది! గుంటలోంచి పైకొచ్చి ఆంద్రినా, "ఉర్సీనక్కా, నాక్కూడా ఒక్కటి కొట్టాలనుందే" అంది. వాళ్లు మరో ఇద్దరిని లాక్కొచ్చారు. నలుగురయ్యారు. ఐదో పేరు దొరకలేదు. గడువు ఈ నెల ఇరవై ఐదు.

కానీ ఈ ఉత్తరం దానికోసం కాదు. మొన్న శనివారం లెతీసియా, ఆంద్రినా పక్కపక్కన పడుకుని కాల్చారు. గుంటలోంచి లెతీసియా బోర్డుకు పది అని చూపించారు. ఆంద్రినా బోర్డు దగ్గర ఎర్రజెండా ఊగింది. అందరూ లెతీసియాకు చప్పట్లు కొడుతుంటే ఆమె లేచి కూర్చుంది.

"ఆగండాగండి! ఆ పది నాది కాదు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నాకు తుమ్మొచ్చింది. నాది ఎడమ పక్కకెళ్లింది. ఆంద్రినా, నువ్వు నా బోర్డు మీద కొట్టావేమో చూడవే!"

చూస్తే అంతే. ఒకే బోర్డు మీద ఒక పది, ఒక ఆరు. పక్కవాళ్ల బోర్డు మీద కొడితే లెక్కకు రాదు కాబట్టి ఆంద్రినా సున్నా సున్నాగానే ఉంటుంది, నియమం అది. అయినా పిల్ల మొహం వెలిగిపోయింది. "అయితే నేను కొట్టింది పదేనా?" అని పదిసార్లు అడిగింది.

మెంజియా, ఇక దాచలేను. లోయ పోటీల రోజు నీ పక్కన పడుకుని నేను కొట్టిన ఆఖరి గుండు ఏడు. పేలగానే నాకు తెలుసు. గుంటలోంచి ఫోన్ వస్తే మార్కులు రాస్తున్న మా దూరి మామయ్య నా చెవిలో, "నీ బోర్డు మీద రెండు చిల్లులున్నాయటే. ఏడొకటి, పదొకటి. నీదేది?" అని అడిగాడు. నేను "పది" అన్నాను. ఆయన రాసేసుకున్నాడు, ఇంకెవరికీ చెప్పలేదు. నీ గుండు నా బోర్డు నడిమధ్యలో పడింది. నీ చేతులు వణకలేదు. నిజం చెప్పి ఉంటే నేను మూడోదాన్నయ్యేదాన్ని, అంతే. దానికోసం నిన్ను ఇరవై ఆరేళ్లు ఏడిపించాను.

నాకిచ్చిన ఆ విజేత పతకం ఈ ఉత్తరంతో పంపే పెట్టెలో పెట్టాను. గోడ మీద దాన్ని చూడలేకపోతున్నాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

ఉర్సీనా

కూర్, మే 17

ఒసేయ్ ఉర్సీనా,

పోటీ అయిన సాయంత్రం మీరంతా పాటలు పాడుకుంటుంటే నేను గుంటలోకి దిగాను. నా గుండు ఏమైందో చూసుకోవాలనిపించింది. నీ వంతుకు కొత్త కాగితం అంటించిన నాలుగో నంబరు బోర్డు గోడకానించి ఉంది. అతుకులు లెక్కపెట్టాను. నువ్వు కొట్టిన గుండ్లు పది. అతుకులు పదకొండు.

అవును, నాకు ఆ రోజే తెలుసు. అడిగితే చెప్పేదానివే. అడక్కుండానే నువ్వు చెప్పాలని నా పంతం. ఊరు వదిలింది సున్నా వచ్చినందుకు కాదు, నువ్వు చెప్పనందుకు. ఏటేటా డిసెంబరులో నీ పెట్టె విప్పి, కేక్ పక్కన పెట్టి, అడుగున పరిచిన కాగితం దులిపి చూసేదాన్ని, ఏమైనా రాసి పెట్టావేమోనని. ఈసారి పెట్టెలో కేక్ లేదు. అందుకే కూర్చుని ఏడ్చాను.

కోపం పోలేదు. ఉత్తరంలో తిడితే నాకు తృప్తి ఉండదు, శనివారం తొమ్మిది గంటల బస్సులో వచ్చి తిడతాను. లెతీసియాకు చెప్పు, మలుపుల దగ్గర కాస్త నెమ్మదిగా తోలమని. పతకం కూడా తెస్తున్నాను. దాన్ని ఆ తుమ్మిన మనిషికి ఇద్దాం.

ఐదో పేరు రాసుకో. పేరు కొట్టేయించుకుని ఇరవై ఆరేళ్లయింది కాబట్టి నేనూ కొత్తదాన్నే. నా జిగురు గిన్నె సిద్ధంగా ఉంచు, మొదటి పూట గుంటలోనే కూర్చుంటాను. నువ్వు పైన కాల్చు. ప్రతి గుండుకీ ఎక్కడ తగిలిందో ముందు నువ్వు చెప్పు, నేను చూసి అతుకు వేస్తాను.

నీ మెంజియా