తీగలు తిరగేసిన గిటారు

యోహానూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నరసరావుపేట చర్చిలో ఇవాళ జరిగింది నేను పత్రికకు పంపే వార్తల్లాంటిది కాదు. అందుకే నీకు రాస్తున్నాను.

పగలు కొట్లకు బోర్డులు రాసి, సాయంత్రాలు చర్చి వరండాలో గిటారు నేర్పేవాడివి. నీది ఎడమచేతి వాటం. చర్చికి ఉన్న ఒక్క గిటారుకూ తీగలు నీ వాటానికే తిప్పి కట్టావు. నీ దగ్గర నేర్చుకున్న తొమ్మిదిమందికీ ఆ పట్టు ఒక్కటే తెలుసు.

గుంటూరు నుంచి వచ్చిన కొత్త మాస్టారు నిన్న ఆ తీగలు విప్పి, అందరూ కట్టేలా కుడిచేతి వాటానికి కట్టాడు. రత్నానికి ఈ సంగతి తెలియదు. నీ తర్వాత క్లాసు నడపాలని నువ్వు కోరుకున్నది ఆమెనే. నాదెండ్ల బడి నుంచి నేరుగా నీ జ్ఞాపకార్థ కూటానికి వచ్చి, నీ పేర వాయిస్తానని గిటారు అందుకుంది. ఒక్క స్వరమూ కుదరలేదు.

"ఏందమ్మే, యోహాను నేర్పింది ఇదేనా?" అన్నారెవరో వెనక బెంచీలో. నవ్వారు.

"ఆయన మీకు తలకిందులుగా నేర్పాడు. మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలి" అన్నాడు మాస్టారు.

పాత పద్ధతిలో కట్టించమని పాస్టరుగారిని అడిగాను. "మళ్లీ ఇప్పితే తెగుతయ్యయ్యా. ఈ యుద్ధంలో సీమ నుంచి తీగలు రావట్లే, కొత్తయి యాడ తెస్తాం? ఉండనీ" అన్నారు.

బయట మెట్ల మీద రత్నం అడిగింది. "అన్నా, ఇన్నేళ్లు నేను నేర్చుకుందంతా తప్పేనా?"

తప్పు కాదన్నాను. రుజువేదన్నట్టు నా వైపు చూసింది. వాయించి చూపించడానికి నువ్వు లేవు.