గ్రాఫిక్స్ కార్డుకి వేరు కాపురం

నవంబర్ 17, సోమవారం

ఈ రోజు నుంచి మా కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యను. ఒట్టు!

నాన్న స్టీలు సామాన్ల కొట్టుకీ, నా పెళ్ళి వీడియోల ఎడిటింగ్‌కీ కలిపి ఉన్నది ఒకటే కంప్యూటర్. కొట్టు వెనక గదిలో. బిల్లింగ్ లైనక్స్‌లో, ఎడిటింగ్ విండోస్‌లో. ఒకటి ఆపితే గానీ ఇంకోటి రాదు. నేను మంచి ఊపు మీద ఉన్నప్పుడే నాన్న "బిల్లమ్మా!" అని కేకేస్తారు. రీస్టార్ట్. బిల్లు తీసి మళ్ళీ రీస్టార్ట్. ఈలోగా ఇంకో బిందె అమ్ముడుపోతుంది.

నిన్న ఒకావిడ బిల్లు కోసం చూసి చూసి, బిందె వదిలేసి వెళ్ళిపోయింది. నాన్నకి ఒళ్ళు మండింది. వెంకటరత్నం గారి గొంతంటే పిఠాపురం బజారంతటికీ తెలుసు.

"లక్ష్మీప్రసన్నా! ఆదివారం లోపు రెండూ ఒకేసారి నడవాలి. లేదంటే నీ పెళ్ళిళ్ళన్నీ మూటకట్టుకో. ఆ గదిలో బకెట్లు పెట్టుకుంటాను."

ఆ గది పోతే నా పనీ పోయినట్టే. కొట్లో కూర్చుని గరిటెలు తూచుకోవాలి.

ఉపాయం ఉంది! లైనక్స్ లోపలే విండోస్‌కి ఒక వాటా అద్దెకివ్వడం. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. వీడియో పనికి తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు కావాలి కాబట్టి, కార్డుని పూర్తిగా ఆ వాటాకే అప్పగించెయ్యాలి. అదే పాస్‌త్రూ. రెండు కాపురాలు, ఒకే ఇల్లు. నాలుగు గంటల పని!

నవంబర్ 18, మంగళవారం

తలుపు మీద కాగితం అంటించాను. "లోపలికి రాకూడదు. ఏమీ అడగకూడదు. ముఖ్యంగా 'అయ్యిందా?' అని అడగకూడదు."

ఉప్పాడ నుంచి సురేష్‌బాబు ఫోన్. పోయిన వారం వాళ్ళ చెల్లెలు వీరదుర్గ పెళ్ళి తీశాను.

"ఆదివారం మా బావగారింట్లో విందండి. తెర కట్టి ఏస్తామండి. మా చెల్లి ఏడ్చిన ముక్క మాత్రం కోసెయ్యండి, ఆళ్ళ ముందు పరువు పోద్ది. వంజరం చేప తెమ్మంటారా?"

"మేం తినమండి."

"చూడ్డానికైనా తెస్తానండి. ఇంతది పడింది."

సాయంత్రం: కార్డు ఒంటరిగా రాదట. కంప్యూటర్లో తన గుంపులో ఉన్న భాగాలన్నీ కట్టగట్టుకుని రావాలట. మా వాళ్ళలో పెళ్ళి పిలుపుల్లాగే ఉంది, ఒక్కరిని పిలిస్తే ఊరుకుంటారా? అందరినీ పిలిచేశాను. ఆ గుంపులో కీబోర్డు, మౌస్ తగిలించిన చోటు కూడా ఉందని తర్వాత తెలిసింది. అవి కూడా అద్దె వాటాలోకి వెళ్ళిపోయాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

నాన్న బజారుకెళ్ళి ఇంకో కీబోర్డు కొనుక్కొచ్చి, గుమ్మంలో పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు.

నవంబర్ 19, బుధవారం

విండోస్ నడుస్తోందని, బిల్లింగ్‌కి పెట్టిన రెండో మానిటర్లో లైనక్స్ చెబుతోంది. నా మానిటర్ మాత్రం నలుపు. అట్లపెనం నలుపు.

మధ్యాహ్నం: నలుపు.

టీ తాగి వచ్చాక: నలుపు.

నవంబర్ 20, గురువారం

అమావాస్య. అమావాస్య నాడు తెర ఎవరికి వెలుగుతుంది? ఈ రోజు పని ముట్టుకోకపోవడమే శాస్త్రం. పకోడీలు తిన్నాను.

నవంబర్ 21, శుక్రవారం

తెల్లవారుజామున పోలి దీపాలు వదిలి వచ్చాను. దండం పెట్టుకుని మానిటర్ మళ్ళీ ఆన్ చేశాను. నలుపు.

ఎదురుగా గాజుల కొట్టు బేబి గారు గుమ్మం దాకా వచ్చి, కాగితం చదివి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఆగారు.

"అమ్మాయ్, అడగటం కాదమ్మా, చెప్పటమే. మీ కొట్టు ముందున్న టీవీ మూడ్రోజుల్నుంచి ఏ భాష కావాలి, ఏ దేశం అని అడుగుతోంది. దానికెవరూ చెప్పరేంటి?"

పరుగెత్తాను. కొట్టు గుమ్మం పైన, బజారంతటికీ కనబడేలా, పెద్ద టీవీలో నా విండోస్! దీపావళి ఆఫర్లు వేద్దామని గోడలోంచి ఆ టీవీకి వైరు లాగింది నేనే. కార్డు బొమ్మంతా ఆ వైరుకే ఇస్తోంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత!

"మీరు చూడలేదా నాన్నా?"

"ఎందుకు చూళ్ళేదు? కొత్త ఆఫరేమో అనుకున్నా. అడుగుదామంటే నువ్వేమో తలుపు మీద రాసిపెట్టావు కదమ్మా."

పక్క కొట్టు పోతురాజు గారైతే రోజూ దాని ముందు నిలబడి "తెలుగేనండి" అని చెప్పి వెళ్తున్నారట.

వైరు పీకాను. నా మానిటర్ వెలిగింది! భాషేదో, దేశమేదో చెప్పేశాను. విండోస్ నడుస్తోంది, బిల్లింగూ నడుస్తోంది! నాన్న బిల్లు తీస్తుంటే నేను తాళి కట్టే ముక్క కోశాను. నా అంత గొప్పది పిఠాపురంలో లేదు. సాయంత్రం విండోస్ మూసి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

నవంబర్ 22, శనివారం

విండోస్ తెరిచాను. కార్డు పలకదు. ఇలాంటి పాత కార్డులు కొన్ని ఒకసారి వేరు కాపురానికి వెళ్ళి వచ్చాక మళ్ళీ వెళ్ళవట. మొత్తం కంప్యూటర్ ఆపి వేస్తేనే వెళ్తాయట.

అంటే రీస్టార్ట్.

సరే, ఒక్కసారికి తప్పు లేదు. చేశాను. వచ్చింది. నాన్న అటు బిల్లింగ్ తెరవగానే ఇటు విండోస్ కూలబడింది. నిన్నటి చిన్న ముక్కకి సరిపోయింది గానీ, పెళ్ళంతా తెరిస్తే రెండు కాపురాలకీ మెమరీ చాలడం లేదు. రెండోసారికీ తప్పు లేదు. మూడోసారి లెక్కలోకి రాదు.

కొట్టు నిండా జనం. మూఢం వచ్చేస్తోందని పెళ్ళిళ్ళన్నీ ఈ నాలుగు రోజుల్లోనే పెట్టుకున్నారు. సురేష్‌బాబు రేపు పొద్దున్నే వస్తాడు. వీడియో సగం కూడా కాలేదు.

పన్నెండింటికి ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. "నాన్నా, నా వల్ల కాలేదు. సాయంత్రం దాకా విండోస్ ఒక్కటే నడుస్తుంది. బిల్లింగ్ ఉండదు" అన్నాను. నాన్న పాత బిల్లు పుస్తకం దులిపి, జేబులోంచి పెన్ను తీశారు.

గోడ అవతల నుంచి ఆయన గొంతు వినబడుతూనే ఉంది. "కంప్యూటర్ పాడవలేదండీ, బాగానే ఉంది. మా అమ్మాయి పనిలో ఉంది. చేత్తో రాసిస్తాను, కూర్చోండి." ఎవరో గొణిగారు. "తొందరైతే పక్క కొట్టుకెళ్ళండి, ఏమనుకోను" అన్నారు. బేరం పోతుంటే ఇంత నెమ్మదిగా మాట్లాడిన వెంకటరత్నం గారిని నేను ఎప్పుడూ చూడలేదు. ఇటు నాకు ఏడుపొచ్చింది.

వీరదుర్గ ఏడుపు కోసేశాను. ఆమె వెనక కండువాతో కళ్ళు తుడుచుకుంటున్న సురేష్‌బాబుని మాత్రం ఉంచేశాను. అది కొయ్యమని ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 23, ఆదివారం

పొద్దున్నే వీడియో ఇచ్చేశాను. మధ్యాహ్నం ఉప్పాడ నుంచి ఫోన్.

"అందరూ నన్ను చూసి ఒకటే నవ్వులండి! రెండోసారి ఏయించుకుని మరీ నవ్వేరు. మా కాబోయే తోడల్లుడు పెళ్ళి కూడా మీకేనండి."

నాలుగింటికి నాన్న తోపుడుబండి మీద బకెట్లు తెచ్చి గుమ్మం ముందు దింపారు. గడువు గడువే. నేను వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"ఆ వైర్లు ఎక్కడికి?"

"గది ఖాళీ చెయ్యమన్నారుగా."

"సగం చాలు. ఈ గోడ వైపు బకెట్లు, ఆ గోడ వైపు నువ్వు. నువ్వు కంప్యూటర్లో పెడతానన్న రెండు కాపురాలు నేను గదిలో పెట్టాను." బకెట్లు దొంతరగా పేర్చి, చేతులు దులుపుకుని, "చూడు, దీనికి రీస్టార్ట్ అక్కర్లేదు" అన్నారు.

బయటికి వినబడేంత గట్టిగా నవ్వాను.

నవంబర్ 24, సోమవారం

మెమరీ ఆర్డర్ పెట్టాం. మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి వీడియోలూ ఉండవు, బిందెలూ కదలవు. ఇద్దరికీ ఖాళీయే. తలుపు మీద కాగితం చింపేశాను.

నాన్న ఒక బకెట్ బోర్లించి నా పక్కన కూర్చున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, "ఆ గుంపులేంటో మొదట్నుంచి చెప్పు" అన్నారు. చెప్పాను. అర్థమైందో లేదో గానీ, "ఇంకోసారి నొక్కి చూడు" అంటున్నారు.

కొత్త తీర్మానం: ఈ రోజు నుంచి మా కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యం. మూఢం వెళ్ళేలోపు రెండూ ఒకేసారి నడిపి తీరుతాం. ఒట్టు! ఇద్దరిదీ.