పోర్టికోలో విప్పిన గేర్‌బాక్స్

ఏమండీ,

అన్నం, చేపల పులుసు పొయ్యి మీదే ఉన్నాయి. తినేముందు చేతులు సర్ఫుతో కడుక్కోండి. గేర్‌బాక్స్‌లోంచి కారిన ఎర్ర నూనెని మీరు నా బియ్యం కడిగే గిన్నెలో పట్టినారు. ఆ గిన్నె ఇక మీరే ఉంచుకోండి. పోర్టికో ఊడుస్తుంటే మూడు బోల్టులు దొరికినాయి, చక్కెర డబ్బా పక్కన పెట్టినాను. ఏది ఎక్కడిదో మీకైనా తెలిస్తే చాలు.

గేర్‌బాక్స్ దించడానికి ఒక్కరే కారు కింద దూరొద్దు. మీ తమ్ముడు టైటస్ వచ్చినాకనే జాకీ ముట్టుకోండి. మీరు ఫోన్‌లో చూసే వీడియోలో మెకానిక్ ఒక్కడే దించినాడని నాకు చెప్పొద్దు. ఆయన కారు లిఫ్టు మీద ఉంది, మన కారు ఇటుకల మీద ఉంది.

ఒక్క రోజు పని అన్నారు, పన్నెండు రోజులైంది. నా ఎడమ మోకాలు క్లచ్ తొక్కలేదనే కదా ఆటోమేటిక్ కారు కొన్నాం. ఇప్పుడు ఆ మోకాలితోనే రోజూ దొరవారిసత్రం బస్సు కోసం హైవే దాకా నడుస్తున్నాను.

మెర్లిన్

ఇంకొకటి. ఆదివారం చర్చిలో మీరు ప్రార్థన అంశాల కాగితం మీద మన గేర్‌బాక్స్ రాసిచ్చినారంట, పాస్టరమ్మ గారు చెప్పినారు. చోటుంటే దాని కింద నా మోకాలు కూడా రాయండి.