పట్టించమన్న ఆముదం

యారాడ

చిరంజీవి వీరేంద్రకి, మేనత్త గురువమ్మ దీవించి రాస్తన్నది.

మీ మావ మోకాలు తప్ప మేమంతా బాగున్నాం. మొన్న గాలికి పడవ తిరగబడి ఫోన్ నీళ్లలో పోయింది, మనిషి ఒడ్డుకొచ్చాడు. ఆ రోజు నుంచి కుడి మోకాలు వంగదంటన్నాడు. వేటకి ఎల్లటం లేదు. అందుకే పడవ అమ్మేత్తన్నాను, శుక్రవారం బేరగాడొస్తాడు. ఇక్కడుంటే ఆ పడవని సూసి బెంగెట్టుకుంటాడని దాలయ్య సేపల ఆటోలో మీ ఉక్కునగరం పంపుతన్నాను. సంచీలో వంటాముదం సీసా ఉంది, నా చేత్తో కాచిందే. పడుకునే ముందు మావకి బాగా పట్టించు. జవాబు దాలయ్యకియ్యి.

మీ అత్త

తా.క. మావ వద్దంటాడు. ఇనకు.

ఉక్కునగరం

అత్తకి నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. మావ సంగతి చెప్పలేను.

నువ్వు రాసినట్టే పట్టించాను. చిన్నప్పుడు మా అమ్మ మాకు పట్టించినట్టే ముక్కు మూసి, వేడి టీలో కలిపి గొంతులో పోశాను. అది మొదలు మావకి మంచానికీ లెట్రిన్‌కీ మధ్య పరుగే. క్వార్టర్లో ఉన్నది ఒక్కటే. నేను పక్కింటివాళ్లని బతిమాలుకుని డ్యూటీకి పోయాను. మోకాలి నొప్పికి కడుపు కడగడం ఏం వైద్యం అత్తా?

నీ మేనల్లుడు వీరేంద్ర

తా.క. మా లెట్రిన్ గొంతుక్కూర్చునే రకం. మోకాలు వంగని మనిషి ఎలా కూర్చుంటున్నాడో నాకు అర్థం కావటం లేదు.

యారాడ

తెలివైన మేనల్లుడికి అత్త దీవెనలు, ఇంకా మిగిలుంటే.

పట్టించమంటే తాగించమనేట్రా? మోకాలికి రాసి మర్దనా సెయ్యమని. తలకి నూనె పట్టించమంటే తాగేత్తావేటి? మావకి మజ్జిగన్నం పెట్టు. మిగిలిన ఆముదం గోరెచ్చగా చేసి మోకాలికి రాయి, పైన ఆముదపాకు కట్టు.

మీ అత్త

తా.క. ఎలా కూకున్నాడో నీకెందుకు? దొడ్డికెల్లినోణ్ణి తొంగి సూత్తన్నావేటి?

ఉక్కునగరం

అత్తకి, భయపడుతూ రాస్తున్నాను.

ఆముదం రాద్దామని కూర్చుంటే మావ ఎడమ కాలు చాపాడు. ఇదేంటని గట్టిగా అడిగితే ఏడ్చేశాడు. పడవ తిరగబడ్డప్పటి నుంచి సముద్రాన్ని చూస్తే ఆయనకి వణుకట. "భయమని తెలిస్తే మీ అత్త నన్ను మనిషిలా సూడదురా, మోకాలంటే జాలైనా పడతాది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మోకాలు బాగుందని పడవ అమ్మడం మానెయ్యకు అత్తా. మావని మళ్లీ వేటకి పొమ్మనకు, నీ కాళ్లు పట్టుకుంటాను.

వీరేంద్ర

తా.క. ఇదంతా నీకు చెప్పనని మావకి ఒట్టేశాను.

యారాడ

ఒట్టు తప్పిన వీరేంద్రకి అత్త రాస్తన్నది.

మోకాలు అబద్ధమని నాకు మొదటిరోజే తెలుసు. నాను సేపలమ్మి ఇంటికొచ్చేసరికి మీ మావ గొంతుక్కూకుని కోడిపిల్లలకి నూకలేత్తన్నాడు. నన్ను సూడగానే కుంటడం మొదలెట్టాడు. నాను సూడనట్టే సేపల బుట్ట దించుకున్నాను. పెళ్లైన కాడ్నుంచి పడవ ఒడ్డు చేరేదాకా నాకు ముద్ద దిగదురా. వేట మానెయ్యమని అడగడానికి నోరు రాలేదు. ఇన్నాళ్లకి ఆయనే మోకాలు పట్టుకుంటే, దేవుడిచ్చిన మోకాలనుకున్నాను. నలుగురూ నమ్మాలని ఆముదం కాచాను. నువ్వు అది తాగించి గుట్టంతా బయటికి లాగేవు.

పడవ పొద్దున్నే అమ్మేశాను. మావని ఆదివారం పంపు. దారిలో కుంటమను.

మీ అత్త

తా.క. నాకూ భయమేనని మావకి సెప్పకు. నా మీద ఒట్టు.