బావిలో ఆకుపచ్చ నీళ్ళు

చిరంజీవి అబ్బాయికి,

బాగానే ఉన్నామని రాసి, రెండుసార్లు కొట్టేశాను.

నీ కూతురి కంపెనీ వాళ్ళు చమురు బాగా ఊరాలని, సెలైన్ పెట్టినట్టు భూమి లోపలి రాళ్ళకి మందునీళ్ళు ఎక్కించి పరీక్షిస్తున్నారు. ఎటు పారుతున్నాయో తెలియడానికి ఆకుపచ్చ రంగు కలుపుతారట. నిన్న మా అద్దింటి బావిలో చేదితే ఆ రంగే వచ్చింది.

"నాయనమ్మా, ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నామో!" అంది నీ కూతురు, మొహం పాలిపోయి.

"చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలి" అన్నాను.

ఈ సంగతి రిపోర్టులో రాయొద్దని దాని పై ఆఫీసరు హెచ్చరించాడట. వీధంతా ఈ నీళ్ళే తాగుతోంది. అది పెన్ను పట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది.

కోడలి మోకాలు తగ్గిందా? చిన్నవాణ్ణి సెలవులకి ఇక్కడికి పంపకు.

ఉద్యోగం పోయినా నాన్న ఉన్నాడని దానికి వెంటనే రాయి. నేను చెబితే, "నీకేం, నీకు భయమే లేదు" అంటుంది. నాకూ ఉన్నట్టు దానికి తెలియనివ్వకు.

అందరికీ ఆశీస్సులు.

అమ్మ