నీ ఉత్తరంలో ‘మేము’

చిట్టీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ నాన్న, నేను, మన మందుల షాపు, అందరం కులాసా. నా మోకాలు ఒక్కటే మాట వినడం లేదు. శిబిరంలో మీ ఫోన్లు లాగేసుకున్న పుణ్యమా అని నీ చేతిరాత చూసే యోగం పట్టింది. డాక్టర్ల గీతలు చదివిన కళ్ళు కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే నీ ఉత్తరం చూసి దగ్గుమందు ఇచ్చి పంపేవారు.

అడిగావుగా, ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ బాగయింది. బీపీ బిళ్ళల తాతగారు నిన్ను తలుచుకోని రోజు లేదు. “ఆ పిల్లయితే నవ్వుతూ ఇస్తుందమ్మా” అని నా మొహం మీదే అంటారు.

ఇక మీ మేడమ్ సంగతి. ఫార్మసీ పిల్లలకి నాయకత్వం నేర్పుతారంటే ఏమిటో అనుకున్నాను. “కౌంటర్ వెనక దాక్కోకూడదు, వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడాలి అని మేడమ్ చెప్పింది” అని రాశావు. ఓహో! ఆ బీరువా చాటున నక్కకే, మొహం చూసి మాట్లాడవే అని నేను నోరు నొప్పెట్టేలా చెబితే, “అబ్బా, సతాయించకమ్మా” అన్నావు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

పైగా ఉత్తరమంతా ‘మేము’. మేము ఇంటింటికీ తిరిగి మందులు ఎలా వాడాలో చెప్పాం, మేము ఆసుపత్రి మందుల గది నడిపాం, మేము పడీపడీ నవ్వాం. ఆ ‘మేము’లో నేనెక్కడున్నానే? చిన్నప్పుడు గుమ్మంలో పిల్లి కూడా నీకు ‘మన పిల్లి’. నాకు కుళ్ళుగా ఉంది. అవును, కుళ్ళే. పేరు మార్చి చెప్పను. మీ నాన్నతో అంటే, “కడుపుమంటకి మందు రెండో అరలోనే ఉంది, వేసుకోవే” అన్నారు. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు చెప్పకుండా దాటేద్దామనుకున్న మాట. మొన్న మీ మేడమ్ షాపుకి ఫోన్ చేసింది. వచ్చే ఏడు కొత్త పిల్లల జట్టుని నీ చేతిలో పెట్టాలనుకుంటున్నారట. అందుకని ఆ సెలవులకి నువ్వు ఇంటికి రావడం కుదరదట. “అమ్మాయికి చెప్పే ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుదామని” అంది. ఎంత మర్యాదో! గొంతు కూడా బాగుంది, మాయదారి గొంతు. నేను చటుక్కున “మాకు కుదరదండీ” అని పెట్టేశాను.

మందుల డబ్బాలు సర్దుతున్న నాన్న తలెత్తారు. “మాకు అంటే ఎవరికే? దాన్ని అడిగావా?”

చూశావా చిట్టీ, నీ ‘మేము’లో నేను లేనని ఏడ్చినదాన్ని, నిన్ను అడక్కుండా నా ‘మాకు’లో కలిపేసుకున్నాను.

మర్నాడు షాపు తెరుస్తూనే నేనే ఫోన్ చేశాను. “అమ్మాయినే అడగండి. నిన్న మాట్లాడింది నా కడుపుమంట” అని చెప్పేశాను. “అలాగేనమ్మా” అంది. కోపం కూడా రాదు ఆవిడకి, అదొకటి!

ఈ ఉత్తరం అందేసరికి నిన్ను అడిగే ఉంటుంది. నీకు ఇష్టం లేకపోతే మానెయ్. నా కోసం మాత్రం మానకు. ఒప్పుకుంటే, ఉత్తరాల్లో ‘మేము’ అనే రాసుకో. రెండో అరలో మందు ఉందిగా.

ఇట్లు,
మీ మేడమ్ కంటే ముందు చెప్పిన
మీ అమ్మ